మనవడి ఆట, మన రికార్డు రూము
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు ఎందుకు పండుగ అయిందో, 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో ఏమి చెప్పిందో నాకంటె ముందు మాట్లాడినవారు చక్కగా వివరించారు. మళ్లీ నేను చెబితే చర్వితచర్వణం అవుతుంది. కార్యదర్శిగారు నన్ను "విశ్రాంత జీవితంలో కాలక్షేపం" గురించి పది నిముషాలు మాట్లాడమన్నారు. నా కాలక్షేపం ఈ మధ్య కొంచెం విచిత్రంగా జరిగింది. ఒక కంప్యూటరు ఆట ఎందుకు మధ్యలో ఆగిపోతున్నదో వెతకడంలో నాలుగు రాత్రులు గడిపాను. ఆ సంగతే మనవి చేస్తాను. నవ్వేవారు నవ్వవచ్చు. ఆటే కదా అని మాత్రం తీసిపారేయకండి. కోడిపందెం కూడా ఆటే, అది కారెంపూడి దాకా ఎట్లా పోయిందో పల్నాడు వాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

మా అమ్మాయి కొడుకు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు నరసరావుపేట వచ్చి, లాప్‌టాప్ ముందు తల పట్టుకొని కూర్చున్నాడు. ఏమిటిరా అంటే 'డూమ్' అనే ఆట అన్నాడు. అది 1993 డిసెంబరులో అమెరికాలో ఐడి సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ వదిలిన ఆట. గదులు, నడవాలు, రాక్షసులు, తుపాకీ, ఇంతే. మా ఆవిడకు అది చూడగానే నచ్చలేదు. నాలుగు సంవత్సరాల తరువాత, 1997 డిసెంబరు 23న, దాని ముఖ్య రచయిత జాన్ కార్మాక్ ఆ ఆట మూలగ్రంథాన్నే, అంటే దాన్ని నడిపించే ఆదేశాలన్నిటినీ, లోకానికి ఇచ్చేశాడు. ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు. వంట చేసి పెట్టినవాడు వంటపుస్తకం కూడా చేతికి ఇచ్చినట్లు. ఆ రోజుల్లో వ్యాపారస్థులు సాధారణంగా చేయని పని అది. మా వాడు దాన్ని తెచ్చుకొని తన యంత్రానికి సరిపోయేట్లు తయారుచేయబోయాడు. మొదలవుతుంది, తెర మీద నాలుగు వరుసలు పడతాయి, బొమ్మలను సిద్ధం చేసే దశలో ఠక్కున ఆగిపోతుంది.

"మెమరీ చాలడంలేదేమో తాతయ్యా" అన్నాడు. ఆ ఆట మొదలయ్యేటప్పుడు యంత్రాన్ని అడిగి ఒక పెద్ద గది తీసుకుంటుందట. వాడు తెచ్చుకున్న ప్రతిలో ఆ గది కొలత 6 మెగాబైట్లు. దాన్ని 64 చేశాడు. అయినా అక్కడే ఆగింది. చోటు నిజంగా చాలకపోతే ఆ ఆట తనంతట తానే, ఇన్ని బైట్లు అడిగారు, ఇవ్వలేకపోయాను అని మర్యాదగా చెప్పి ఆగుతుందట. ఇది అట్లా చెప్పలేదు. చెప్పకుండా చచ్చింది. కనుక ఇది చోటు కరువు కాదు, లెక్క తప్పు అని నాకు తోచింది. ముప్పయి యేళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాడికి ఆపాటి తోచకపోతే ఎట్లా?

ఆ గది ఎట్లా నడుస్తుందో చెప్పమన్నాను. వాడు చెప్పింది విని నాకు కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. అది అచ్చంగా మన రికార్డు రూము.

గది మొత్తం చిన్నచిన్న అరలుగా ఉంటుంది. మధ్యలో ఖాళీ సందులు ఉండవు. ఒక అర ముగిసిన చోటే తరువాతి అర మొదలవుతుంది. ప్రతి అరకు నెత్తిన ఒక చీటీ అంటించి ఉంటుంది, అందులో ఆరు కాలములు: అర పొడవు, దాన్ని వాడుకునేది ఎవరు, ఏ తరగతి, ఒక ముద్ర, తరువాతి అర ఎక్కడ, ముందరి అర ఎక్కడ. ముద్ర అంటే ఒక ఖాయమైన అంకె, 19,19,505. అరను ఖాళీ చేయమని ఎవరైనా వస్తే ముందు ముద్ర చూస్తారు. ముద్ర లేకపోతే "ఇది మా అర కాదు" అని పని ఆపేస్తారు.

తరగతుల సంగతి వింటే మీకు కూడా ముచ్చట వేస్తుంది. మనం ఫైలు ముగించేటప్పుడు ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అని వేసేవాళ్లం కదా. ఆర్.డిస్. శాశ్వతం, ఎల్.డిస్. కొద్దికాలానికే చింపివేయదగ్గది. టెక్సాస్‌లో కూర్చున్న ఆ కుర్రవాడు మన జిల్లా ఆఫీసు మాన్యువల్ చూసి ఉండడు, కానీ అదే పద్ధతి పెట్టాడు. 1వ తరగతి అరలు ఆట ముగిసేదాకా కదలవు. 50వ తరగతివి ఆటలో ఒక అంకం పూర్తికాగానే ఖాళీ అవుతాయి. 100, ఆపైన ఉన్నవి చోటు అవసరమైతే ఎప్పుడైనా తీసేయవచ్చు. తీసేసినప్పుడు, దాన్ని వాడుకుంటున్నవాడి దగ్గరున్న చీటీలో సున్నా వేసి పోతారు. మళ్లీ కావలసి వచ్చినప్పుడు వాడు సున్నా చూసి, డిస్కులోనుంచి మళ్లీ తెచ్చుకుంటాడు. అందుకని యజమాని పేరు లేని అరకు చింపివేయదగ్గ తరగతి ఇవ్వకూడదని నిబంధన. 4వ తరగతికి 'డేవ్' అని పేరు. వాళ్లలో డేవ్ టేలర్ అనే ఉద్యోగి తన సొంత సామాను పెట్టుకోవడానికట. ప్రతి ఆఫీసులోను ఒక సీనియరు గుమాస్తాకు సొంత బీరువా ఉంటుంది, తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది, జ్ఞాపకం ఉన్నదా?

ఇంకొక చక్కని ఏర్పాటు చూశాను. గోడకు అంటించే బొమ్మలను అనేక ముక్కలు కలిపి తయారుచేస్తారు. తయారవుతున్నంతసేపు ఆ అరను 1వ తరగతిలో ఉంచి, పని పూర్తి కాగానే చింపివేయదగ్గ తరగతికి మారుస్తారు. చేతిలో ఉన్న ఫైలును ఎవడూ పట్టుకుపోకుండా అన్నమాట. ఇది పాటించకుండా, చింపివేయదగ్గ అరను చేత పట్టుకునే మరొక అర అడిగితే, ఆ అడిగిన దానికి చోటివ్వడం కోసం చేతిలోదే పోవచ్చు. అట్లా ఆగిపోయే ఆటలు కూడా ఉంటాయట. మా వాడి జబ్బు అది కాదు.

రెండు తప్పులు దొరికాయి. రెండింటికీ మూలం ఒకటే.

1993లో ఇంటి కంప్యూటర్లలో 386, 486 రకాలు వాడేవారు. అందులో ఒక అర ఎక్కడున్నదో చెప్పే చీటీ, దాన్ని పాయింటరు అంటారు, నాలుగు బైట్ల వెడల్పు. నాలుగు బైట్లలో 429 కోట్ల పైచిలుకు చోట్లను సూచించవచ్చు. ఆట నడవడానికి కావలసినది 4 మెగాబైట్లు, అంటే నలభై రెండు లక్షల చోట్లు కూడా కావు. ఇక చాలదని ఎవరు అనుకుంటారు? 2003 తరువాత 64 బిట్ల యంత్రాలు ఇళ్లలోకి వచ్చాయి. వాటిలో అదే చీటీ ఎనిమిది బైట్లు. మన అచ్చు ఫారాల మీద తేదీ దగ్గర '19' అని ముందే అచ్చువేసి పక్కన రెండు గడులు వదిలేవారు. 2000 జనవరిలో ఎన్ని వేల ఫారాల మీద ఆ 19 కొట్టివేసి పొడి సంతకం పెట్టామో మనకే తెలుసు. ఇదీ ఆ వంశమే.

మొదటి తప్పు ఇది. గోడబొమ్మల వివరాలు డిస్కులో ఒక నమూనా ప్రకారం ఉంటాయి: పేరు ఎనిమిది బైట్లు, తరువాత ఒక గుర్తు, వెడల్పు, ఎత్తు, ఆ తరువాత ఒక రద్దయిన కాలము, ఆ తరువాత ముక్కల సంఖ్య. రద్దయిన కాలము అని గ్రంథంలోనే రాసి పెట్టారు, ఎవరూ దానిలోకి చూడరు. కానీ దాన్ని పాయింటరు అని ప్రకటించారు. డిస్కు మీద అది నాలుగు బైట్లే, 1993లో రాసినది కదా. కొత్త యంత్రం మాత్రం పాయింటరు అంటే ఎనిమిది అనుకొని, ఇంకో నాలుగు బైట్లు ముందుకు జరిగి చదువుతుంది. దానితో ముక్కల సంఖ్య ఉండవలసిన చోట మొదటి ముక్కను ఎంత కిందికి అతికించాలో చెప్పే అంకె దొరుకుతుంది. ముక్కల సంఖ్య తప్పయితే వాటికి ఎంత చోటు అడగాలన్నదీ తప్పే. రిటైరైన కాలము కూడా ఇంత పని చేయగలదు చూడండి! (నవ్వులు) ఆ కాలమును పాయింటరు కాదు, ఉత్త నాలుగు బైట్ల అంకె అని మార్చగానే ఆ బాధ తీరింది.

ఆట ఇంకొంచెం ముందుకు పోయి మళ్లీ ఆగింది.

ఇక్కడ నేను ఒక సలహా ఇచ్చాను. క్యాష్‌బుక్కు టాలీ కాకపోతే ఏమి చేస్తాం? నెలాఖరు లెక్క పట్టుకొని ఏడుస్తూ కూర్చోం. పదిహేనో తేదీన టాలీ అయిందా చూస్తాం. అయితే తప్పు తరువాతి సగంలో ఉన్నది. కాకపోతే ముందు సగంలో ఉన్నది. మళ్లీ ఆ సగంలో సగం. ఆ గ్రంథంలోనే అరలన్నిటినీ వరసగా తనిఖీ చేసే ఏర్పాటు, జాబితా అచ్చువేసే ఏర్పాటు రెండూ ఉన్నాయి. కార్మాక్‌కు తన మీద తనకే ఎంత అనుమానమో! మంచి గుమాస్తా లక్షణం అది. ప్రతి అర మొదలు చోటుకు దాని పొడవు కలిపితే తరువాతి అర మొదలు రావాలి. ఇది నేటి ముగింపు నిలవ రేపటి ప్రారంభ నిలవ కావడం లాంటిదే. మా వాడు నేను చెప్పిన చోటల్లా ఆ తనిఖీ పెట్టి జాబితా కాగితం మీద తీసి ఇచ్చాడు. నేను కళ్లజోడు పెట్టుకొని పెన్సిలుతో కూడాను. బొమ్మల పట్టిక నింపకముందు అన్నీ సరిపోయాయి. నింపిన తరువాత ఒక అర పొడవు దగ్గర కోట్లలో అంకె పడింది, ఆ పైన జాబితా అర్థంలేని అంకెలయి ఆగిపోయింది.

"ఈ అరకు ముందున్న అర ఎవరిదిరా?" అన్నాను. పాడైన అర తప్పు చేయదు. దాని పక్కవాడు చేస్తాడు.

ముందున్న అర ఆ బొమ్మల పట్టికే. దానికి చోటు అడిగిన వరుస చూస్తే, బొమ్మల సంఖ్యను నాలుగుతో హెచ్చించి అడిగారు. ఒక్కొక్క బొమ్మకు ఒక చీటీ, చీటీ నాలుగు బైట్లు. 1993 లెక్క. లెక్కకోసం వంద బొమ్మలు అనుకుందాం. 400 బైట్లు ఇచ్చారు. ఇప్పుడు చీటీ ఎనిమిది కనుక యాభై చీటీలకే అర నిండింది. యాభై ఒకటోది పక్క అర నెత్తినున్న చీటీలో పొడవు మీద పడింది. యాభై రెండోది యజమాని పేరు మీద. యాభై మూడోది తరగతిని, ముద్రను కలిపి చెరిపేసింది. యాభై నాలుగు, యాభై అయిదు ముందు వెనుక అరల జాడలు తీసేశాయి. యాభై ఆరు నుంచి పక్క అరలోని అసలు సరుకు మీదనే రాసుకుంటూ పోయింది. ఆ రాస్తున్నంతసేపు యంత్రం కిక్కురుమనలేదు. పక్క అరను తరువాత ఎవరో తెరిచినప్పుడు ఆగింది.

"ఏంది తాతయ్యా ఇది, తప్పు చేసిందొకడు, దొరికిందొకడు!" అన్నాడు మా వాడు.

సోదరులారా, ఆ మాటకు నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో ఇక్కడ చెప్పాలనే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు రికార్డు పంపకం జరిగింది. నేను పనిచేసిన ఒక కార్యాలయంలో గ్రామానికి ఇంత అని ర్యాకులో చోటు కేటాయించే పని నాకు అప్పగించారు. నేను పాత అడంగల్ కట్టలను చూసి, కట్టకు నాలుగు వేళ్లు చొప్పున లెక్కకట్టి, ర్యాకుల మీద సుద్దతో గీతలు గీసి, జాబితా రాసి సంతకం పెట్టాను. తరువాత వచ్చిన కట్టలు లావు. ఒక గ్రామం కట్టలు పక్క గ్రామం చోటులోకి పోయాయి, పక్క గ్రామానివి వెనక్కి, కిందికి తోసివేయబడ్డాయి. ఏడెనిమిది సంవత్సరాలకు ఒక రైతు కాలువ కింద పోయిన భూమి విషయంలో నకలు కావాలని వచ్చాడు. కట్ట దొరకలేదు. అప్పుడు రికార్డు రూము చూస్తున్న అటెండరుకు చార్జి మెమో ఇచ్చారు. కట్ట పోగొట్టినట్లు తేల్చి ఒక ఇంక్రిమెంటు శాశ్వతంగా కోత పెట్టారు. శాశ్వతంగా అంటే పెన్షను దాకా అని మీకు వేరే చెప్పాలా?

ఆ మనిషి చేతులోకి ఆ గది వచ్చేటప్పటికే కట్టలు కలగాపులగం. గీతలు గీసింది నేను. విచారణ జరుగుతున్నప్పుడు నేను అదే ఆఫీసులో వేరే సీటులో ఉన్నాను. నాలుగు వేళ్ల లెక్క నాదని నాకు తెలుసు. నన్ను ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అప్పట్లో నాకు నేను చెప్పుకున్న సమాధానం, నేను గీసిన రోజున ఆ కొలత సరిపోయింది కదా అని. అది నిజమే. కార్మాక్ నాలుగు కూడా ఆ రోజున సరిపోయింది. కానీ ఆయన తన పద్దులన్నీ నలుగురి ముందు పెట్టాడు, ఎవరైనా చూసి తప్పు ఎక్కడున్నదో పట్టుకోవచ్చు. నేను నా జాబితాను ఫైలు అడుగున ఉంచాను.

ఆయన ఇప్పుడు లేరు. పేరు చెప్పను, ఈ హాలులో ఆయనను ఎరిగినవారు నలుగురైనా ఉన్నారు. ఆయన భార్యకు కుటుంబ పెన్షను వస్తున్నది. క్రిందటి నెల వాళ్ల ఊరు వెళ్లి ఆమెకు, కొడుక్కు ఈ సంగతి ఉన్నదున్నట్లు చెప్పి, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆమె చదివించుకొని విని, కాసేపు ఊరుకొని, "కట్ట నేను పోగొట్టలేదే అని చివరిదాకా అంటూనే ఉండేవాడయ్యా" అన్నది. అంతకంటె ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చింది, తాగి వచ్చాను.

మిగతాది త్వరగా ముగిస్తాను. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

దిద్దుబాటు సులభం. నాలుగు అని అంకె వేయకుండా, ఈ యంత్రంలో చీటీ ఎంత వెడల్పో యంత్రాన్నే కొలిచి చెప్పమని రాయాలి. అప్పుడు రేపు పదహారు అయినా ఇబ్బంది లేదు. ఆ పక్కపక్కనే ఇట్లాంటి వరుసలు ఇంకా ఉన్నాయి. అన్ని నాలుగులనూ గుడ్డిగా మార్చకూడదు. కొన్ని పట్టికలలో ఉన్నవి చీటీలు కావు, ఉత్త అంకెలు, వాటికి నాలుగే సరి. ఒక్కొక్కటి చూసి మార్చాము. చీటీని అంకెగా కుదించే వరుసలు వేరే ఉన్నాయి. వాటి గురించి కంపైలరు అనే తనిఖీదారు ముందే అభ్యంతరాలు రాశాడు, ఎర్ర సిరా ఆడిట్ స్లిప్పుల్లాగా. మా వాడు అవి చూడకుండా కనపడకుండా చేసే మీట నొక్కి పెట్టాడు. ఇంటింటికీ ఉన్నదే. అయితే ఈ నాలుగుతో హెచ్చించిన వరుస మీద మాత్రం తనిఖీదారు కూడా ఏమీ అనలేదు, ఎందుకంటే నాలుగుతో హెచ్చించడం నేరం కాదు.

తప్పులు పట్టే కొత్త పనిముట్లు ఉన్నాయి కదా అని ఇంజనీరింగు పిల్లలు అడగవచ్చు. వాల్‌గ్రైండ్, అడ్రస్ శానిటైజర్ అని ఉన్నాయట. మా వాడు మొదట వాటిని పెట్టి చూశాడు, ఈ తప్పు వాటికి కనపడలేదు. కారణం ఏమంటే ఆట మొత్తం గదిని ఒకే పద్దుగా తీసుకుంటుంది. లోపలి అరలు బయటి కాపలావాడికి తెలియవు. గది గోడ దాటితేనే వాడు కేక వేస్తాడు. అందుకని ఆ నాలుగో రాత్రి, అరల ఏర్పాటు తాత్కాలికంగా తీసివేసి, ప్రతి అరకు యంత్రం దగ్గర విడివిడిగా చోటు అడిగేట్లు మార్చాడు. అప్పుడు కాపలావాడు ఏ వరుసలో ఎవరు ఎన్ని బైట్లు దాటారో చెప్పాడు. మేము పెన్సిలుతో పట్టిన చోటే మొదట చెప్పాడు, అది కాస్త గర్వంగానే అనిపించింది. తరువాత మేము వదిలేసిన ఇంకొకటి కూడా చెప్పాడు, గర్వం తగ్గింది. ఇదే ఆటను నేటి యంత్రాలకు జాగ్రత్తగా దిద్ది నిలబెట్టిన 'చాక్లెట్ డూమ్' అనే ప్రతి ఒకటున్నది. దానిలో కూడా ఇట్లాంటి మార్పిడి ఏర్పాటు ఉన్నది.

తెల్లవారుజామున మూడు గంటలకు ఆట మొదలైంది. పెద్ద సంగీతం, మా ఆవిడ లేచి వచ్చి ఇద్దరినీ తిట్టింది. మా వాడు "నువ్వు ఆడు తాతయ్యా" అని మీటలు నా చేతికిచ్చాడు. మొదటి గదిలో గోడ వైపు తిరిగి, మేము దిద్దిన ఆ బొమ్మలు సరిగ్గా అతికినాయా అని చూస్తూ నిలబడ్డాను. వెనుకనుంచి ఎవడో కాల్చాడు.

నాకు ఇచ్చిన పది నిముషాలు ఎప్పుడో దాటినాయి. క్షమించండి. బయట టీ సిద్ధంగా ఉన్నదట.